ముద్రపై శ్లోకము

భిలాయి ఉక్కు కర్మాగారమున తొలి బట్టీ 1959లో వెలిగినది. అచ్చటి తెలుగు కుటుంబములలో లోహపు పోత నెఱుగనివారు తక్కువ. కాని ఆ ఊరికి తూర్పున రాయపూరు, ఆరంగు ప్రాంతములందు సుమారు పదునైదు శతాబ్దుల క్రిందటనే ముద్రలపై శ్లోకములను నిలిపిన శరభపుర రాజులను తలచుకొను సాహిత్యపరులు ఇంకను తక్కువ.

ఆ రాజుల తామ్రశాసనములలో రేకులను గ్రుచ్చిన కడియమునకు గుండ్రని ముద్ర యుండును. పైభాగమున గజలక్ష్మి, దిగువ రెండు పంక్తులలో ఒక అనుష్టుప్పు. చరిత్రకారులు దానినుండి వంశవృక్షమును గ్రహించి కవిత్వమును విడిచిపెట్టిరి. సుదేవరాజు ముద్రను చూడవలెను. తాత ప్రసన్నుడు సముద్రము. తండ్రి మానమాత్రుడు అందు పుట్టిన చంద్రుడు. ఆ చంద్రుని సంతానము సుదేవుడు. అతని ఆజ్ఞ జగత్తున స్థిరము. ‘ప్రసన్న’ శబ్దము తాత పేరగుచునే నిర్మలమైన సముద్రమునకు విశేషణమైనది. పైనున్న లక్ష్మియు సముద్రతనయయే కదా! బొమ్మయు శ్లోకమును ఒకే నీటినుండి పుట్టినవి. శిల్పి యెఱిగి చేసెనో లేదో కాని, చదువరికి ఆ కలయిక తప్పదు.

జయరాజు ముద్ర ఇంతటిది కాదు. అతని శాసనము శత్రువులకు శాసనమను శ్లేష నరేంద్రుని ముద్రలో మునుపే యున్నది, ఇచ్చట అరువు. అయినను అనువాదకునకు పరీక్ష ఇదే. నేటి తెలుగున శాసనమన్న చట్టము, లేదా రాతిపై వ్రాత, దండనార్థము మాసిపోయినది. ‘రాజు శాసనము, పగవారికి శాస్తి’ అన్నచో ఆ ధాతువే మరల పలుకును. సంస్కృతపదమును యథాతథముగా దింపి చేతులు దులుపుకొనుట అనువాదము కాదు.

చీనాలో మింగ్ యుగమున వెన్ పెంగ్ వంటి విద్వాంసులు ముద్రలను స్వయముగా చెక్కిరి. షాంఘై సమీపమున జియాడింగ్ పట్టణము వెదురు చెక్కడమునకు పేరొందినది. వెదురు దుంప ముద్రలపై యజమాని పేరే యుండవలెనని లేదు; తీరికవేళల ముద్రలపై సూక్తియో, పద్యపాదమో చెక్కెడివారు. ఎవరి ఆజ్ఞయు మోయని ఆ అక్షరములకు గల స్వేచ్ఛ శరభపుర శ్లోకమునకు లేదు. అది రాజభృత్యుని రచన. ఆ యిరుకులోనే సుదేవుని కవి సముద్రమును ఇమిడ్చెను.

మన తూర్పు చాళుక్యులు ఆ జోలికి పోలేదు. వరాహము, అంకుశము, సూర్యచంద్రులు, ‘శ్రీ త్రిభువనాంకుశ’ — వారికది చాలినది. రాజరాజనరేంద్రుని నందంపూడి శాసనమును రచించినది నన్నయభట్టు. అంతటి కవి ఆస్థానమున నుండియు, కవిత్వము రేకులలోనే ఆగిపోయినది.