భావప్రకటన - అనుకరణ: స్థానం నరసింహారావు సత్యభామ

ఉపోద్ఘాతం:
స్త్రీపాత్రధారణలో స్థానం నరసింహారావు (1902-1971) సాధించిన కీర్తిని వివరించేటప్పుడు 'అచ్చం స్త్రీలాగే' అనే ప్రశంస తరచుగా వినబడుతుంది. ఈ మాట నటుని గౌరవిస్తున్నట్లు కనిపించినా, అతని కళను అనుకరణగా కుదిస్తుంది. అది ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్రచర్చ:
భరతుడు నాట్యాన్ని లోకవృత్తానుకరణమనీ, భావానుకీర్తనమనీ రెండు విధాలా పేర్కొన్నాడు. శంకుకుడు అనుకరణపక్షం వహించి, నటుడు అనుకరించిన స్థాయిభావమే రసమన్నాడు. చిత్రంలోని గుర్రాన్ని గుర్రమనే గ్రహించినట్లు ప్రేక్షకుడు నటుని రామునిగా గ్రహిస్తాడని అతని వాదం. అభినవగుప్తుని గురువు భట్టతౌతుడు దీనిని ఖండించాడు. అనుకరించాలంటే ముందుగా మూలాన్ని చూసి ఉండాలి. రాముని మనసులోని రతిని చూసినవారెవరు? కన్నీరు, గద్గదస్వరం శరీరధర్మాలు; చిత్తవృత్తికి అవి నకలు కాజాలవు.

అన్వయం:
ధ్వన్యనుకరణతో పోల్చినప్పుడు ఈ భేదం స్పష్టమవుతుంది. నేరెళ్ల వేణుమాధవ్ ఒక ప్రముఖుని గొంతు పలికిస్తే, ఆ గొంతు ఎరిగినవారికే అందులోని నైపుణ్యం తెలుస్తుంది. మూలం గుర్తుకు రావడమే అక్కడ ఆనందకారణం. సత్యభామకు అలాంటి మూలం లేదు. చీరకట్టు, నడక వంటివి లోకపరిశీలన వల్ల అబ్బి ఉండవచ్చు. కాని 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో 'మీరజాలగలడా' పాటను స్థానం తానే రాసుకొన్నారు. అందులోని స్వాధీనపతిక గర్వం పాత్రస్వభావాన్ని లోతుగా భావించినందువల్ల కలిగినది. 1966 నాటి చిత్రంలో అదే పాటను పి.సుశీల పాడగా జమున అభినయించారు. పురుషుడు రూపుకట్టిన భావాన్ని స్త్రీలు కొనసాగించారు. ఇక్కడ ఎవరు ఎవరికి నకలు? అనుకరణవాదం దీనికి సమాధానం చెప్పలేదు.

అలాగని అనుకరణను పూర్తిగా తోసిపుచ్చలేం. కూచిపూడి భామాకలాపం అభ్యసించే శిష్యుడు మొదట గురువు నడకను, చూపును అనుసరిస్తాడు. వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) సత్యభామ కూడా ఆ పరంపరలో రూపొందినదే. హైదరాబాదు నాంపల్లిలో తెలుగు విశ్వవిద్యాలయం ధ్వన్యనుకరణను, కూచిపూడిని వేర్వేరు కోర్సులుగా బోధించింది. మొదటిదానికి పోలికే గమ్యం, రెండవదానికి అది తొలిమెట్టు. ప్రదర్శనలో గురువు మాత్రమే గుర్తుకొస్తే శిష్యుడు ఇంకా అభ్యాసంలోనే ఉన్నాడు. భామ విరహం ప్రేక్షకునికి అందితే అభినయం సిద్ధించినట్లు.

ముగింపు:
అనుకరణకు కొలమానం పోలిక. భావప్రకటనకు సహృదయుని అనుభవం. స్త్రీపాత్రధారిని అంచనా వేసే విమర్శ పోలిక దగ్గరే ఆగిపోతే, సత్యభామ గర్వాన్ని ప్రేక్షకుడు తనదిగా ఎందుకు అనుభవించాడో ఎన్నటికీ వివరించలేదు.