నొక్కితే తెలియాలి

యూజర్ ఇంటర్‌ఫేస్ అనగానే చాలామందికి మొబైల్ తెర, దాని మీది రంగులు గుర్తొస్తాయి. దాని డిజైన్ నేర్చుకోవాలనుకునేవారికి నేను మాత్రం ముందు ఓటింగ్ యంత్రం ఈవీఎంనే చూపిస్తాను. అక్షరం రాని అవ్వ నుంచి ఇంజినీరు దాకా అందరూ వాడాల్సిన యంత్రమది. వాడేది ఎన్నేళ్లకో ఒకసారి, అదీ ఒంటరిగా, అర నిమిషంలో. 1982లో కేరళలోని పరవూరులో మొదలై, 2004 లోక్‌సభ ఎన్నికలకల్లా దేశమంతటా వచ్చేసింది. దీనికి రూపమిచ్చినవారు ఐఐటీ బొంబాయి ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ ఆచార్యులు ఎ.జి.రావు, రవి పూవయ్య. తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి హైదరాబాద్‌లోని ఈసీఐఎల్.

ఈవీఎంలో ఓటరు మీట నొక్కే భాగాన్ని, అంటే బ్యాలెట్ యూనిట్‌ను, ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. పేరు, ఫొటో, గుర్తు ఒకే వరసలో, ఆ వరస చివరే నీలి మీట. ఏ గుర్తుకు ఏ మీటో ఎవరూ చెప్పనక్కర్లేదు. సంబంధమున్నవి పక్కపక్కనే ఉండాలన్నది ఈ విద్యలో తొలి సూత్రం. యూనిట్‌లో 16 మీటలుంటాయి. ‘వీరెవరూ కాదు’ అనే నోటాతో కలిపి ఎనిమిదే చాలనుకుంటే మిగతా ఎనిమిదింటినీ మూసేస్తారు. తప్పు నొక్కాక హెచ్చరించడం కాదు, తప్పు నొక్కే వీలే లేకుండా చేశారు. డిజైనర్ పనితనం నాకు ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

పోలింగ్ అధికారి తన దగ్గరుండే కంట్రోల్ యూనిట్‌లో బ్యాలెట్ మీట నొక్కితే ఓటరు ముందు పచ్చదీపం వెలుగుతుంది. ఇక మీ వంతు అని దానర్థం. నీలి మీట నొక్కగానే ఆ వరసలోనే ఎర్రదీపం వెలుగుతుంది, వీవీప్యాట్ యంత్రం అద్దం వెనక, ఓటు ఎవరికి పడిందో చూపే చీటీ 7 సెకన్లు కనబడి పెట్టెలో పడుతుంది, బీప్ మోగుతుంది. పని జరిగిందన్న కబురు కంటికీ అందుతుంది, చెవికీ అందుతుంది. చూపులేనివారికి మీటల పక్కన బ్రెయిలీ అంకెలున్నాయి. అధికారి మళ్లీ అనుమతిచ్చేదాకా ఇంకెన్నిసార్లు నొక్కినా అది ఓటు కాదు.

ఇంత చక్కటి అమరికకూ నిజామాబాద్‌లో గట్టి పరీక్షే ఎదురైంది. పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయడంతో 2019 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ బరిలో నిలిచింది 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. మీటా అదే, దీపమూ అదే, కానీ ఓటరు పని మారిపోయింది. ఒక్క చూపులో గుర్తుపట్టేది పోయి, వెతుక్కోవడం వచ్చిపడింది. గుర్తింపు పొందిన పార్టీలు మొదట్లోనే ఉంటాయి. స్వతంత్రుడిగా నిలబడ్డ రైతు గుర్తు ఏ తొమ్మిదో యూనిట్‌లోనో ఉంటే, అతని ఓటరు అక్కడిదాకా కళ్లు తిప్పాలి. ఎన్ని వరసలొస్తాయో ముందే ఊహించి అమర్చడమూ డిజైనర్ బాధ్యతే.

ఫోన్ తెరకూ ఇవే సూత్రాలు. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు పిన్ కొట్టడానికి ముందే అవతలివారి పేరు చూపడం మంచి డిజైన్. నొక్కాక చక్రం తిరుగుతూనే ఉండి, డబ్బు వెళ్లిందో లేదో చెప్పకపోతే మనిషి కంగారుపడి మళ్లీ నొక్కుతాడు. ఆ తప్పు అతనిది కాదు, తెరది.

తెలుగు తెరల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల కొలతతో గీసిన గడిలో తెలుగు పోస్తే కింద ఒత్తులు తెగిపోతాయి, పైన గుడులు పై వరసకు తగులుతాయి, పొడుగు మాట సగంలో చుక్కలైపోతుంది. వరసల మధ్య ఎడం పెంచితే, బటన్‌కు కాస్త వెడల్పిస్తే తీరే ఇబ్బంది ఇది. కానీ డిజైనర్ తన కుర్చీలోంచి లేచి, వాడేవారి పక్కన కూర్చుంటేనే ఇది కనబడుతుంది. అక్కడ ఏమీ చెప్పకూడదు. వేలు ఎక్కడ ఆగిందో, ఏ మాట రెండోసారి చదివారో చూసి రాసుకోవాలి, వచ్చి మార్చాలి, మార్చడానికి ఒప్పుకోని ఇంజినీర్లతో, యాజమాన్యంతో వాదించాలి. గీయడం కన్నా ఎక్కువ కాలం పట్టేది ఈ పనికే.

తెలుగులో యాప్‌లు తెస్తున్న సంస్థలకు నా విన్నపం ఒకటే. విడుదల చేసేముందు, తెలుగు తప్ప మరొకటి చదవని పదిమంది చేతికి మీ యాప్ ఇచ్చి, పక్కన మౌనంగా కూర్చోండి.