అనంతపురంలో ఏం చూడాలి?

‘చూడదగ్గ ప్రదేశాలు’ అన్నది తెలుగులో ఒక సాహిత్య ప్రక్రియ. ఎవరూ ఒప్పుకోరు గానీ, నా తరం వాళ్ళు కథలూ కవితల కంటే ఎక్కువగా చదివే వచనం బహుశా ఇదే. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో కూర్చుని, వీకెండ్ ఎటు పోదామా అని వెతుక్కుంటూ చదువుతాం. దీనికీ నియమాలున్నాయి. ముందు ఊరిపేరుకి ఓ వ్యుత్పత్తి, తర్వాత ఓ రాజు, ఓ మిస్టరీ, ఓ రికార్డు, చివర్లో దగ్గర్లోని రైల్వే స్టేషన్. అనంతపురం జిల్లా మీద ఇలాంటివి వరసపెట్టి చాలానే చదివాను. ఒకదాంట్లోంచి ఇంకోటి కాపీ కొట్టినవే ఎక్కువ. దాని గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. ఈ వచనం మన చూపుని ఎటు తిప్పుతోందన్నదే నా పేచీ.

లేపాక్షినే తీసుకోండి. రాముడు జటాయువుతో ‘లే పక్షీ’ అన్నాడట, వ్యుత్పత్తి అయిపోయింది. నేలకి ఆనని స్తంభం, మిస్టరీ అయిపోయింది. జనం వంగి దానికింద కండువా దూర్చి, అవతలి నుంచి లాగి, ఫోటో దిగుతారు. తలెత్తితే పైకప్పు నిండా విజయనగర కాలపు చిత్రాలు. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల్లో వేసినవి. కిరాతార్జునీయం ఉంది, పార్వతి పెళ్ళుంది. ఆ ఆడవాళ్ళ చీరల అంచులు, కొప్పుల తీరు చూస్తూ ఒక పూట గడిపేయొచ్చు. గుడి కట్టించిన విరూపణ్ణ ఖజానా సొమ్ము వాడేశాడన్న నింద భరించలేక కళ్ళు పీక్కుని గోడకి విసిరాడని కథ. ఆ ఎర్రటి మరకల్ని గైడ్లు తప్పకుండా చూపిస్తారు. అదే విరూపణ్ణ, తమ్ముడు వీరణ్ణతో కలిసి, కళ్ళతో సహా పైకప్పు మీదే ఉన్నాడు. జాబితాల్లో మరకకి పేరాగ్రాఫు, బొమ్మకి అరవాక్యం.

తిమ్మమ్మ మర్రిమాను సంగతి ఇంకా ఇబ్బందికరం. అయిదెకరాల చెట్టు, 1989 గిన్నిస్ రికార్డు, పిల్లల్లేనివాళ్ళు మొక్కుకుంటే పుడతారన్న నమ్మకం. వీటన్నిటి మధ్యలో, 1434లో తిమ్మమ్మ అనే ఆవిడ భర్త చితిలో కాలిపోయింది, అక్కడి గుంజే చిగురించి ఈ చెట్టయింది అని ఒక్క వాక్యం. ఆ వాక్యం మీద చదువరి ఆగకూడదు, ఆగితే పిక్నిక్ మూడ్ పోతుంది. అందుకే వెంటనే ఎకరాలొస్తాయి.

ఇంకో స్త్రీ ఉంది. ఆమె నేను చదివిన జాబితాల్లో ఎక్కడా లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా వాన పడే ఈ సీమలో, అసలు అనంతపురం అనే ఊరు పుట్టిందే చెరువు వల్ల. బుక్కరాయల కాలంలో చిక్కప్ప ఒడెయరు చెరువు కట్టించి, దాని రెండు పక్కలా బుక్కరాయసముద్రం, అనంతసాగరం అని రెండు ఊళ్ళు వెలయించాడంటారు. ఓసారి ఆ చెరువుకి గండి పడబోయింది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మని బలిస్తేనే కట్ట నిలుస్తుందని దేవత పలికింది. ఆమె వెళ్ళి నీళ్ళలో కలిసిపోయింది. (పేరుకే ముసలమ్మ, చంటిబిడ్డ తల్లి.) సి.పి. బ్రౌన్ 1853లో అచ్చువేయించిన అనంతపురం చరిత్రలోని ఈ కథనే తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో, ఇంకా కాలేజీలో చదువుకుంటూనే, ‘ముసలమ్మ మరణము’ రాశారు. పురాణం కాని కథతో, ఓ రైతు ఇంటి కోడలు నాయికగా కావ్యం రాయడం అప్పటికి చిన్న తెగింపేం కాదు. ఆధునిక తెలుగు కవిత్వం మొదలు గురించి మాట్లాడేవాళ్ళు ఈ కావ్యం దగ్గర ఆగకుండా పోరు. అంటే ఆ మొదళ్ళలో ఒకటి అనంతపురం చెరువుకట్ట.

అయితే కట్టమంచి బలమంతా వీడ్కోలు మీదే పెట్టారు. ముసలమ్మ ఎంత ధీరో, ఎంత మంచి కోడలో చెప్పారు. ఆమే ఎందుకు పోవాలన్న ప్రశ్నని కావ్యం గట్టిగా అడగదు. మా వృత్తి భాషలో చెప్పాలంటే గండి అనేది మెయింటెనెన్స్ ఫెయిల్యూర్. పూడిక తీయాలి, కట్ట చూసుకోవాలి, తూములు బాగుచేయాలి. లోపం కట్టది, శిక్ష కోడలికి.

పక్కనే కన్నడంలో ఇలాంటిదే ఓ జానపద గేయగాథ ఉంది, ‘కెరెగె హార’, అంటే చెరువుకి బలి. అక్కడ చెరువు తవ్వినా నీళ్ళు పడవు. మామ మల్లనగౌడ పెద్దకోడల్ని వదిలి చిన్నకోడలు భాగీరథిని ఎంచుతాడు. ఆ సంగతి ఆమెకి నేరుగా ఎవరూ చెప్పరు. చెప్పకపోయినా ఆమెకి అర్థమవుతుంది. సైన్యం నుంచి తిరిగొచ్చిన భర్త విషయం తెలిసి అదే చెరువులో దూకుతాడు. పేరు తెలియని ఆ జానపదులు ఇంటివాళ్ళని తప్పించుకోనివ్వలేదు. చదువుకున్న మన కవి తప్పించుకోనిచ్చారు. అందుకే నాకు కావ్యంగా ముసలమ్మ మీద గౌరవం ఉన్నా, గుచ్చుకునేది భాగీరథే.

ఈ నేలకి ఆ తరవాత వేరే రకం చరిత్రకారులు దొరికారు. సింగమనేని నారాయణ కథల్లో కరువూ సేద్యమూ, బండి నారాయణస్వామి ‘శప్తభూమి’లో హండే పాలెగాళ్ళ 18వ శతాబ్దం. 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన ఈ నవలలో పాలెగాళ్ళ కింద బతికిన కులాలకి కూడా చరిత్రలో చోటుంది. లేపాక్షి ప్రయాణానికి ఒక్క పుస్తకం పెట్టుకోమంటే నేను గైడు బుక్కు కాదు, దీన్నే పెట్టమంటాను.

ఇంకో తమాషా. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయింది. లేపాక్షి, పెనుకొండ, కదిరి, తిమ్మమ్మ మర్రిమాను శ్రీ సత్యసాయి జిల్లాకి పోయాయి. జాబితాలు మాత్రం చాలావరకూ పాతవే. మార్చాల్సి వస్తే అనంతపురం కింద తాడిపత్రి గుళ్ళూ, రాయదుర్గం, గుత్తి కోటా మిగులుతాయి. గుత్తిలో 1827లో కలరాతో పోయిన థామస్ మన్రోని ముందు పాతిపెట్టిన సమాధుల తోట ఉంది, దానికీ ఓ పేరా ఎలాగూ దొరుకుతుంది. ఖాళీ అయిన చోట చెరువుకి కూడా ఓ వరస ఇవ్వొచ్చు. హైదరాబాదు–బెంగుళూరు హైవే మీద అనంతపురంలో టీకి ఆగేవాళ్ళకి అదేమంత దూరం కాదు. తాడిపత్రి రోడ్డులో కాస్త పోతే బుక్కరాయసముద్రం. ఆ చోటుని జనం ఇప్పటికీ ముసలమ్మ కట్ట అనే అంటారు.