ఒక కారు, ఇద్దరు డ్రైవర్లు

2019 నవంబరు 24న జపాన్‌లోని ఫుజీ సర్క్యూట్‌లో ఒక అరుదైన రేసు జరిగింది. జర్మనీ టూరింగ్ కార్లు, జపాన్ సూపర్ జీటీ కార్లు ఒకే ట్రాక్ మీద తలపడ్డాయి. గెలిచింది హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ నడిపిన నారాయణ్ కార్తికేయన్. 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడిగానే ఆయన అందరికీ గుర్తు. ఆ ఏడాది అమెరికాలో నాలుగో స్థానం వచ్చింది కానీ, ఆ రోజు పరుగెత్తినవి ఆరు కార్లే. నలభై రెండేళ్ల వయసులో, పైకప్పున్న కారులో సాధించిన ఫుజీ గెలుపే నా లెక్కలో గొప్పది.

టూరింగ్ కారుకు బయటి రూపు షోరూమ్ కారుదే, లోపలంతా రేసు కోసం కట్టింది. చక్రాలు బయటికి కనిపించే ఫార్ములా కార్లలో ఒక కారు చక్రం ఇంకోదాని చక్రాన్ని తాకితే కారు గాల్లోకి లేచే ప్రమాదం ఉంది. ఇక్కడ చక్రాలు బాడీ కింద దాగి ఉంటాయి కాబట్టి తలుపూ తలుపూ రాసుకుంటూ మలుపు తిరుగుతారు. ఆ దగ్గరితనమే ఈ రేసుకు ప్రాణం.

అసలు విద్య బ్రేకులో ఉంది. పరకాల మీదుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి లోడు తోలే మొగుళ్లపల్లి ట్రాక్టర్ డ్రైవరుకు ఇది చెప్పక్కర్లేదు. చెరువు కట్ట మలుపు రాకముందే వేగం తగ్గించుకుంటాడు, మలుపు మధ్యలో బ్రేకు తొక్కడు. బరువు ఎటు ఒరుగుతోందో అతని నడుముకు తెలుస్తుంది. రేసు డ్రైవరు చేసేదీ అదే, కాకపోతే గంటకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు వేగంలో. టైరుకున్న పట్టు కొంతే. అదంతా బ్రేకుకే ఖర్చయితే తిరగడానికి ఏమీ మిగలదు. అందుకని కారు తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా తొక్కి, స్టీరింగ్ తిప్పే కొద్దీ పాదాన్ని కొంచెం కొంచెంగా వదులుతారు. అలా వదిలితే బరువు ముందు టైర్ల మీదే నిలిచి ముక్కు లోపలికి తిరుగుతుంది. ఒక్కసారిగా వదిలేస్తే ముక్కు లేచి కారు మలుపు దాటి బయటికి పోతుంది.

మలుపు లోపలి అంచును ఎక్కడ తాకాలన్నది రెండో మెలకువ. తొందరపడి ముందే తాకితే బయటికి వచ్చేటప్పుడు రోడ్డు చాలదు. కాస్త ఆగి తాకితే కారు త్వరగా తిన్నబడుతుంది, యాక్సిలరేటరు ముందే తొక్కవచ్చు. ఫుజీలో చివరి మలుపు తర్వాత దాదాపు కిలోమీటరున్నర తిన్నని దారి ఉంది. మలుపు నుంచి బయటపడేటప్పుడు సంపాదించిన కొద్దిపాటి వేగం ఆ దూరమంతా వెంట వస్తుంది. వెనకున్నవాడు ముందు కారు చీల్చిన గాలిలో దూరి దగ్గరవుతాడు. కానీ అక్కడే అంటిపెట్టుకుని ఉంటే ఇంజనుకు చల్లగాలి అందదు, టైర్లు కాగిపోతాయి. ఎప్పుడు దూరాలో, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలో తెలియడానికి ఏళ్లు పడతాయి.

ఈ రేసులను జాతరలా చేసుకునే దేశం ఆస్ట్రేలియా. బాథర్స్ట్‌లోని మౌంట్ పనోరమా కొండదారి మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే. ఏటా అక్కడ జరిగే వెయ్యి కిలోమీటర్ల రేసులో చుట్టు 6.213 కిలోమీటర్లు, మొత్తం 161 చుట్లు. ఆస్ట్రేలియా డ్రైవరు పీటర్ బ్రాక్ ఆ రేసు తొమ్మిది సార్లు గెలిచాడు. 1979లో జిమ్ రిచర్డ్స్‌తో కలిసి ఆరు చుట్ల ఆధిక్యంతో గెలుస్తూ కూడా, చివరి చుట్టులో కొత్త ల్యాప్ రికార్డు పెట్టాడు. దాదాపు వెయ్యి కిలోమీటర్లు పరుగెత్తిన కారులో అంత సత్తువ మిగిలిందంటే, అంతసేపూ దాన్ని ఎంత పదిలంగా నడిపారో చూడండి. అక్కడ ఒకే కారును ఇద్దరు పంచుకుంటారు. ఒకరు టైర్లు అరగదీస్తే భారం రెండోవారి మీద పడుతుంది. సూపర్ జీటీలోనూ అంతే. 2019 సీజన్‌లో నారాయణ్ తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడైన తడాసుకే మకినోతో కారు పంచుకున్నాడు.

ఇంత విద్య మన దగ్గరికి ఎక్కడి నుంచి వచ్చింది? కోయంబత్తూరు నుంచి. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే నాయుడు కుటుంబాలు అక్కడ మిల్లులు పెట్టాయి, మిల్లుల చుట్టూ లేతు యంత్రాలు, ఫౌండ్రీలు, పనిమంతులు పెరిగారు. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ (1954–1995) ఆ ఊళ్లోనే మారుతీ 800 ఇంజనుతో ఫార్ములా మారుతీ అనే చవకైన రేసు కారు తయారు చేశాడు. విదేశీ కారు కొనలేని కుర్రాళ్లకు తలుపు తెరిచింది ఆ కారే. నారాయణ్ మొదటి రేసు కూడా దాంట్లోనే. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ అప్పటికే పేరున్న ర్యాలీ డ్రైవరు. కరివర్ధన్ విమాన ప్రమాదంలో పోయాక, ఆయన పేరు మీద చెట్టిపాళయంలో 2.1 కిలోమీటర్ల కరి స్పీడ్‌వే కట్టారు.

ఇక మన హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది పోటీ రద్దయింది. నగరం నడిబొడ్డున రోడ్లు మూసి, గోడలు నిలిపి, మళ్లీ తీసేసే రేసు చూడముచ్చటగా ఉంటుంది. దాని వల్ల డ్రైవర్లు తయారు కారు. ఏడాది పొడవునా తెరిచి ఉండే చిన్న ట్రాకు, పక్కనే ఇంజను విప్పి బిగించే షెడ్డు కావాలి. మొగుళ్లపల్లిలో స్టీరింగ్ మీద మోజున్న కుర్రాడెవరైనా అడిగితే, ముందు గో కార్టు ఎక్కి బ్రేకు వదలడం నేర్చుకోమంటాను.