వెతికినందుకు కూలి

“స్కానర్ పెట్టిన. పీ0340 అచ్చింది. క్యామ్ సెన్సర్ పోయింది, కొత్తది ఏస్తే అయిపోతది.”

బండి మొరాయించి షెడ్డుకు పోయినవాళ్ళకు ఈ మాటలు కొత్త కాదు. ఇందులో కోడ్ వచ్చిందన్నది నిజం. సెన్సర్ పోయిందన్నది అనుమానం. కొత్తది వేస్తే అయిపోతుందన్నది ఆశ. అనుమానాన్ని తేల్చుకోకుండానే ఆశకు డబ్బు కట్టిస్తున్నాం. మధ్యలో చేయాల్సిన పని ఒకటుంది, పరీక్షించడం. బండి పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. మన షెడ్లలో మెకానిక్‌కు పైసా గిట్టనిది కూడా అదే.

పీ0340 అంటే క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్లో లోపం ఉందని అర్థం. సర్క్యూట్ అన్నాక అందులో సెన్సర్ ఒక్కటే ఉండదు. దానికి కరెంటు తెచ్చే వైరు, ఎర్త్ వైరు, సిగ్నల్ మోసే వైరు, కప్లర్‌లోని పిన్నులు, చివరికి ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీఎం, అన్నీ ఉంటాయి. వీటిలో ఏది చెడినా అదే కోడ్ కొడుతుంది. అయినా చాలాచోట్ల మొదట మారేది సెన్సరే. ఒక్క బోల్టు విప్పితే చేతికొస్తుంది, బజారులో దొరుకుతుంది, బిల్లులో రాసుకోవడానికి దానికో పేరు ఉంటుంది.

అసలు ఈ సెన్సర్ ఎందుకో చెప్పాలి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆ రెండు చుట్లలో ఒక్కో పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది. ఒకసారి గాలిని నొక్కిపట్టి పేలడానికి సిద్ధంగా, ఇంకోసారి కాలిన పొగను బయటికి నెట్టడానికి. క్రాంక్ సెన్సర్‌కు పిస్టన్ పైకి వచ్చిందన్న సంగతే తెలుస్తుంది, ఎందుకొచ్చిందో తెలియదు. గడియారంలో ముల్లు పన్నెండు మీద ఉంటే అది మిట్టమధ్యాహ్నమో అర్ధరాత్రో ముల్లు చూసి చెప్పలేం కదా, అట్లా. ఆ తేడా చెప్పేది క్యామ్ సెన్సర్. అది నోరు మూసుకుంటే కొన్ని బండ్లు సెల్ఫ్ చాలాసేపు కొట్టించుకుని, క్రాంక్ సిగ్నల్‌తోనే ఎట్లాగో లెక్క కుదుర్చుకుని స్టార్ట్ అవుతాయి. కొన్ని అసలే కావు. కొన్ని నడుస్తూ నడుస్తూ ఆగిపోతాయి.

అంబాసిడర్ కాలంలో ఈ పని డిస్ట్రిబ్యూటర్‌ది. అదీ క్యామ్‌షాఫ్ట్ మీద ఆధారపడి, క్రాంక్ వేగంలో సగం వేగంతోనే తిరిగేది. మూత తీస్తే లోపల రోటర్ కనబడేది, పాయింట్లు కనబడేవి. నల్లబడితే ఎమరీ కాగితంతో రుద్దేవాళ్ళు, సందు సరిచేసేవాళ్ళు. తప్పు కంటికి కనిపించేది కాబట్టి వెతకడం వేరు, బాగుచేయడం వేరు అన్న ఆలోచనే రాలేదు. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. వెతకడాన్ని లెక్కలోకి తీసుకోకుండా కూలి అడిగే ఆనాటి అలవాటు మాత్రం మన షెడ్లలో ఇప్పటికీ ఉంది. ఇప్పటి సెన్సర్ విప్పి చూస్తే వేలెడంత నల్ల ప్లాస్టిక్ ముక్క. బాగున్నదీ చెడిపోయిందీ ఒక్కలాగే ఉంటాయి.

ఆ ముక్క లోపల జరిగేది మాత్రం అందమైన సంగతి. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి గాజు పలక మీద పలుచని బంగారు రేకు అంటించి, దాంట్లో కరెంటు పారించి, అయస్కాంత ధ్రువాల మధ్య పెట్టాడు. కరెంటు పారే దారికి అడ్డంగా, రేకు అంచుల మధ్య చిన్న ఓల్టేజి పుట్టింది. ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని అప్పటికి లోకానికి తెలియదు, ఆ సంగతి బయటపడింది 1897లో. ఆ హాల్ ప్రభావమే ఇప్పుడు మన ఊరి కార్లలో పనిచేస్తోంది. క్యామ్ మీద ఉన్న పళ్ళ చక్రం సెన్సర్ ముందు నుంచి పోతున్నకొద్దీ అయస్కాంత బలం మారుతుంది, దాన్నిబట్టి సిగ్నల్ పడుతూ లేస్తూ ఉంటుంది. ఇంజిన్ 3000 ఆర్‌పీఎంలో ఉంటే క్యామ్ సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. ఏ చుట్టులోనూ లెక్క తప్పకూడదు.

ఇక నారాయణరావుపేట సంగతి. సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది, ఆ తర్వాత మండల కేంద్రమైన ఊరు ఇది. మా బావ అక్కడే ఉంటాడు. మొన్న యాసంగి కోతలప్పుడు అతని డీజిల్ కారు సతాయించింది. పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోదు. గుంతల రోడ్డు మీద ఉన్నట్టుండి ఆగిపోతుంది, పది నిమిషాలాగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఒకచోట సెన్సర్ మార్చారు, తగ్గలేదు. ఇంకోచోట ఈసీఎం పోయిందన్నారు. ఆ ధర విన్నాక బావ నాకు ఫోన్ చేశాడు. “బండి అమ్ముకునుడే నయమున్నట్టున్నది బావా” అన్నాడు.

ఊళ్ళో షెడ్డు పెట్టుకున్న పిల్లగాడొకడున్నాడు. ఐటీఐ చదివాడు, చెయ్యి మంచిది, మీటరు పట్టుకోవడం తెలుసు. ఇద్దరం కలిసి కూర్చున్నాం.

మొదట బ్యాటరీ చూశాం. ఊరికే ఉన్నప్పుడు 12.6, సెల్ఫ్ కొట్టేటప్పుడు పదికి పైనే నిలబడింది. బ్యాటరీ బలహీనంగా ఉంటే సెన్సర్ కోడ్‌లన్నీ అబద్ధమాడతాయి, అందుకే ముందు దాని సంగతి తేల్చాలి. తర్వాత సెన్సర్ కప్లర్ ఊడదీసి లైటు వేసి చూశాం. ఇంజిన్ ఆయిల్ కారలేదు, పిన్నులు వంగలేదు, లాక్ పట్టుకుంటోంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, మీటరు నల్లతీగ బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టి, కప్లర్‌లోని మూడు పిన్నులనూ ఒక్కొక్కటిగా చూశాం. ఒకదాంట్లో 5 ఓల్టులు, అది సప్లై. కొన్ని బండ్లలో ఇది 12 ఉంటుంది. ఇంకోదాంట్లో సున్నా, అది ఎర్త్. మూడోదాంట్లోనూ దాదాపు 5. అది చూసి పిల్లగాడు ఆగిపోయాడు.

“ఇది సిగ్నల్ వైరు గదా సార్, సెన్సర్ పీకినంక గూడ కరెంటెట్ల అస్తున్నది?”

మంచి ప్రశ్న. ఈ రకం సెన్సర్ సిగ్నల్ వైరు మీద ఓల్టేజిని తాను పుట్టించదు. ఆ ఓల్టేజి ఈసీఎం పంపిస్తుంది, సెన్సర్ చేసేదల్లా పన్ను ఎదురైనప్పుడు దాన్ని ఎర్త్‌కు లాగి వదలడం. అంటే సెన్సర్ పీకేసినా సిగ్నల్ వైరులో ఓల్టేజి కనబడిందంటే ఈసీఎం నుంచి ఇక్కడిదాకా ఆ వైరు తెగలేదని, ఈసీఎం ఆ వైరు మీద బతికే ఉందని తెలిసినట్టు. ఒక్క కొలతతో ఈసీఎం మీద పడ్డ నింద సగం తొలగిపోయింది.

కప్లర్ మళ్ళీ తగిలించాం. వైరు వెనకనుంచి సన్నటి పిన్ను జొనిపి మీటరు సిగ్నల్ మీద ఉంచాం. న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా తగిలించి పిల్లగాడు మెల్లగా తిప్పాడు. మీటర్లో 4.9. ఇంకాస్త తిప్పితే 0.1. మళ్ళీ 4.9. పన్ను వచ్చినప్పుడల్లా పడుతోంది, పోగానే లేస్తోంది. సెన్సర్ బాగుంది. బావ డాష్‌బోర్డు అరలో పాత సెన్సర్ ఇంకా ఉంది, పారేయలేదు. దాన్నీ పెట్టి తిప్పి చూశాం. అదీ అంతే చక్కగా పడుతూ లేస్తోంది. బాగున్న సెన్సర్‌ను తీసేసి, బాగున్న ఇంకో సెన్సర్ వేసి, డబ్బు తీసుకున్నారన్నమాట. మోసం చేశారని నేననను. పరీక్షించలేదు, అంతే.

ఇక మిగిలింది వైరింగ్. ఇంజిన్ స్టార్ట్ చేసి, మీటరు సప్లై వైరు మీద ఉంచి, సెన్సర్ దగ్గరనుంచి వైరింగ్ కట్టను జానెడు జానెడుగా పట్టుకుని కదిలిస్తూ పోయాం. బెల్టుకీ ఫ్యానుకీ చేతులు దూరంగా పెట్టుకోవాలి, ఈ తొందరలో అదే మరిచిపోతారు. 4.98, 4.98, 4.97. బ్యాటరీ ట్రే కింద, రేకు క్లిప్పు దగ్గర కట్ట వంపు తిరిగే చోట పిల్లగాడు వేలితో నొక్కాడు. అంకె సున్నాకు పడింది, ఇంజిన్ ఆగిపోయింది. వేలు తీస్తే మళ్ళీ 4.98.

టేపు విప్పితే కనబడింది. ఎలుక కొరికింది. మూడు వైర్లలో ఒకదాని తొడుగు వేలిగోరంత మేర లేదు. రాగి పోగుల్లో చాలావరకు తెగాయి, మిగిలిన రెండు మూడు పోగులు పచ్చటి చిలుము పట్టి ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. బండి నిలకడగా ఉంటే ఆనుకుంటాయి, గుంతలో పడితే విడిపోతాయి. ఏ స్కానర్ చెప్పగలదు ఈ మాట?

ఎలుక సంగతి కూడా చెప్పుకోవాలి. ఇదే జిల్లాలోని చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్‌ను 2020 ఏప్రిల్‌లో ప్రారంభించారు, 3 టీఎంసీల జలాశయం. నీళ్ళొచ్చాక ఈ వైపు వరి పెరిగింది. ఇంటి ముందు వడ్ల బస్తాలు, పక్కనే కారు. ఎలుక ముందు పళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, అది ఏదో ఒకటి కొరికి అరగదీసుకోవాల్సిందే. వెచ్చటి ఇంజిన్ కింద వైరు కన్నా అనువైనది దానికేముంటుంది? కాబట్టి మన ఊళ్ళలో ఈ కోడ్ వస్తే ముందు వైరును అనుమానించాలని నా గట్టి అభిప్రాయం. బానెట్ ఎత్తి ఎలుక పెంటికలున్నాయా, గడ్డిపోచలున్నాయా అని చూడటానికి అర నిమిషం కూడా పట్టదు.

పిల్లగాడు చేసిన జాయింట్ నాకు నచ్చింది. చిలుము పట్టినంత మేర కోసేసి మెరిసే రాగి కనబడేదాకా పోయాడు. పక్క వైర్ల మీదా పంటి గాట్లున్నాయి, వాటినీ వదల్లేదు. మూడు జాయింట్లూ ఒకే చోట పడకుండా ముందువెనకలుగా వేశాడు, సోల్డరింగ్ చేసి ఒక్కోదానికి హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగాడు. మెలేసి టేపు చుడితే ఒక వానాకాలం కూడా ఆగదు. ఆ మీద ముడతల గొట్టం వేసి, క్లిప్పు జాగా మార్చి కట్టాడు. కోడ్ చెరిపి, గుంతలున్న రోడ్డునే ఎంచుకుని తిప్పుకొచ్చాం. లైటు రాలేదు.

అన్నీ ఇట్లాగే ఉండవు. రెండు వైర్ల సెన్సర్లుంటాయి, అవి కరెంటును తామే పుట్టిస్తాయి. వాటికి కప్లర్ పీకి ఓమ్స్ కొలవాలి, సెల్ఫ్ కొడుతూ ఏసీ ఓల్టులు చూడాలి. మూడు వైర్ల హాల్ సెన్సర్‌కు ఓమ్స్ కొలవడం వల్ల తెలిసేదేమీ లేదు. బల్బు టెస్టర్‌ను ఈసీఎం వైర్ల మీద పెట్టడం మానేయాలి, ఆ బల్బు లాగే కరెంటు ఆ సర్క్యూట్ తట్టుకోలేదు. 5 ఓల్టుల సప్లై అసలే లేకపోతే, అదే సప్లై మీదున్న ఇంకో సెన్సర్ షార్ట్ అయి దీన్ని కూడా పడగొట్టిందేమో చూడాలి. పీ0016 వచ్చిందంటే క్యామ్‌కూ క్రాంక్‌కూ లెక్క కుదరడం లేదని. టైమింగ్ చైన్ సాగిందేమో, పన్ను జారిందేమో చూడకుండా సెన్సర్ కొనడం దండగ.

ఇవేవీ షెడ్డులో నేర్చుకోలేనివి కావు. అడ్డంకి సమాచారం దగ్గరుంది. మన దేశంలో 2010 నుంచి కొత్త కార్లకు, తమ లోపాలను తామే పసిగట్టి కోడ్ ఇచ్చే ఓబీడీ తప్పనిసరి అయింది, 2013లో రెండో దశ వచ్చింది, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు. ప్రతి మెట్టులోనూ బండికి సెన్సర్లు పెరిగాయి, వైర్లు పెరిగాయి. పల్లె మెకానిక్ చేతికి వైరింగ్ డయాగ్రాం మాత్రం రాలేదు. ఏ పిన్ను ఏమిటో తెలియకపోతే మీటరున్నా గుడ్డివాడే. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, మొబైళ్ళు, గృహోపకరణాలతో పాటు వాహనాలనూ అందులో చేర్చింది. సంతోషం. ఆ హక్కు నారాయణరావుపేట షెడ్డుదాకా రావాలంటే డయాగ్రాం తెలుగులో, ఫోన్లో, ఉచితంగా దొరకాలి. ఐటీఐలో ఇంజిన్ విప్పడం నేర్పినంత శ్రద్ధగా ఓల్టేజి కొలవడం నేర్పాలి.

ఇంకో అడ్డంకి మన దగ్గరే ఉంది. సామాను మారిస్తే డబ్బిస్తాం. రెండు గంటలు వెతికి, “సామాను బాగనే ఉన్నది, వైరు తెగింది” అని చెబితే, “చూసినందుకు పైసలేంది?” అంటాం. అట్లాంటప్పుడు మెకానిక్ ఎందుకు వెతుకుతాడు? సెన్సర్ అమ్మితే వచ్చే లాభం వెతికితే రాకపోతే సెన్సరే అమ్ముతాడు. ఇందులో అతని తప్పెంతో, మన పిసినారితనమూ అంతే. వెతికినదానికి ముందే ఇంత అని మాట్లాడుకుని, తప్పు దొరికినా దొరకకపోయినా ఇవ్వాలి. ఏ పిన్నులో ఎంత ఓల్టేజి ఉందో కాగితం మీద రాసివ్వమని అడగాలి. రాసిచ్చేవాడి దగ్గరికే మళ్ళీ పోవాలి.

బావ ఆరోజు జేబులో చెయ్యి పెట్టి, “ఎంత తమ్మీ?” అన్నాడు.

“ఏమున్నదన్నా, ఒక వైరే గదా. స్లీవులకు యాభై ఇయ్యి.”

బావ అయిదు వందలు ఇచ్చాడు. పిల్లగాడు మిగతాది వెనక్కి ఇవ్వబోయాడు, బావ తీసుకోలేదు. నన్నడిగితే అదీ తక్కువే.