సెప్టెంబరు నాటికి మెట్లెక్కాలి

"ఎడమది ఫిబ్రవరిలో. కుడిది మే నెలలో. సెప్టెంబరు నాటికి మెట్లెక్కాలి."

డెబ్బై దాటిన ఒక పెద్దాయన తన మోకాళ్ల ఆపరేషన్ల గురించి స్నేహితులకి చెప్పిన తీరు ఇది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, సెయింట్ క్లౌడ్ ఊరికి పడమరగా, కాలేజ్‌విల్ అనే చోట అడవి మధ్యన సెయింట్ జాన్స్ అనే చిన్న కాలేజీ ఉంది. 1857లో బెనెడిక్టిన్ సన్యాసులు మొదలుపెట్టినది. ఈ పెద్దాయన, ఆయన స్నేహితులు ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు. సీజన్ లేని నెలల్లో కాఫీ బల్ల చుట్టూ చేరి వీళ్లు మాట్లాడుకునే మాటల్లో గొప్ప పనితనం ఉందని నా నమ్మకం. దాన్ని కాస్త దగ్గరగా చూపించాలనే ఈ ప్రయత్నం.

పై మూడు ముక్కలనే విప్పి చూద్దాం. మామూలు సీజన్ నవంబరు మధ్యలో ముగుస్తుంది. జట్టు ప్లేఆఫ్‌లకి వెళితే డిసెంబరు దాకా సాగుతుంది. ఆ తర్వాత క్రిస్మస్, మనవలు. జనవరిలో అక్కడ అడుగు తీసి అడుగు వేస్తే మంచు, జారిపడితే మణికట్టు విరుగుతుంది. అందుకని ఫిబ్రవరి. మొదట మార్చిన మోకాలు బాగా కోలుకోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది కనుక రెండోది మే. జూన్, జూలై, ఆగస్టు ఫిజియోథెరపీకి. సెప్టెంబరు మొదట్లో సొంత మైదానంలో ఆట. క్లెమెన్స్ స్టేడియం చెట్ల మధ్య సహజంగా ఏర్పడిన పల్లంలో ఉంటుంది. 1908 నుంచీ అక్కడే ఆడుతున్నారు. కూచోవాలంటే దిగాలి, ఇంటికి వెళ్లాలంటే ఎక్కాలి. ఇవేవీ ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదని ఆయనకి తెలుసు.

అవతలి మనిషి "నొప్పి బాగా ఉందా" అని అడగలేదు. "ఈ ఏడు కొంచెం పై వరసలో కూచుందామా?" అన్నాడు. పెద్దాయన "వద్దు" అన్నాడు. ఆ ప్రశ్నలో సాయమూ ఉంది, తప్పుకోవడానికి దారీ ఉంది. ఆ "వద్దు"లో రాబోయే మూడు నెలలూ వ్యాయామం ఎగ్గొట్టననే మాట ఉంది. తర్వాత ఇద్దరూ మైదానంలో జట్టుని నడిపించే కొత్త క్వార్టర్‌బ్యాక్ ఎవరవుతాడన్న విషయంలోకి వెళ్లిపోయారు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే రెండు కొసలూ కోసుగా ఉన్న బంతిని చేత్తో విసురుతూ, ఎదుటివాళ్లని ఢీకొంటూ ముందుకు సాగే అమెరికన్ ఆట. టీవీలో కనిపించే పెద్ద యూనివర్సిటీల ఆటలో కోట్ల డాలర్లు తిరుగుతాయి. సెయింట్ జాన్స్ ఆడేది డివిజన్ 3లో. 1973లో ఏర్పడిన ఈ విభాగంలో ఆట పేరు చెప్పి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి వీల్లేదు. ఆడే కుర్రాళ్లు రేపు అకౌంటెంట్లో, టీచర్లో, డాక్టర్లో అవుతారు. చూసేవాళ్లలో చాలామంది అక్కడే చదివినవాళ్లు, ఆడినవాళ్లు, లేదా ఆడుతున్న పిల్లల తల్లిదండ్రులు, తాతలు. అయినా ప్రేక్షకుల సగటు లెక్కలో ఈ కాలేజీ తన విభాగంలో ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉంది. ఏడాదిలో పది వారాలు ఆట, మిగతా నలభై చిల్లర వారాలు మాట.

ఆ నలభై వారాలకి సరిపడా వార్తలు ఎక్కడ దొరుకుతాయి? పెద్ద జట్ల గురించి రోజంతా చెప్పే చానళ్లు ఈ చిన్న కాలేజీల వైపు చూడవు. ఇక్కడికి వస్తానని చెప్పిన హైస్కూలు కుర్రాడు ఆగస్టు ప్రాక్టీసుకి బ్యాగుతో దిగేదాకా ఖాయం కాదు. కాబట్టి వార్త ఎంతవరకు నిజమో తూచే పని మాట్లాడుకునేవాళ్ల మీదే పడింది. ఆ తూకం వీళ్లకి బాగా తెలుసు. "నేను కళ్లారా చూశా" అన్నది ఒక మెట్టు. "వాళ్ల మామయ్య చెప్పాడు" అన్నది కింది మెట్టు. "చర్చిలో అనుకుంటున్నారు" అన్నది ఇంకా కిందది. చెప్పేవాడు ముందే తన వార్త ఏ మెట్టు మీదుందో చెప్పేస్తాడు. చెప్పకపోతే ఎవరో ఒకరు మెత్తగా అడుగుతారు. పుకారు పట్టుకొచ్చినవాణ్ని ఎవరూ చిన్నబుచ్చరు, పుకారుని మాత్రం దాని చోట దాన్ని కూచోబెడతారు.

ఇదే తూకం మందుల విషయంలోనూ వాడతారు. నాకు అన్నిటికంటే ఎక్కువ ముచ్చటేసేది ఇదే. ఆ బల్ల దగ్గర రిటైరైన నర్సు ఒకావిడ ఉంటుంది. భర్త ఒకప్పటి ఆటగాడు. కొలెస్ట్రాల్ తగ్గడానికి ఏదో పొడి పనిచేస్తుందని ఒకాయన టీవీ ప్రకటనలో చూసి వస్తే, "అది చర్చిలో అనుకున్న మాట కంటే కింద" అంది. అందరికీ అర్థమైంది, ఆయనా నొచ్చుకోలేదు. ఇంకోసారి ఒకాయన కొలెస్ట్రాల్‌కి తాను వేసుకునే స్టాటిన్ మాత్ర పేరు చెప్పగానే, గ్రేప్‌ఫ్రూట్ జ్యూస్ తాగుతున్నావా అని ఆరా తీసింది. కొన్ని స్టాటిన్లు ఆ జ్యూస్‌తో కలిస్తే రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. అది పక్కాగా తెలిసిన విషయం కాబట్టి ఆవిడ గొంతు మారింది. "డాక్టరుకి ఫోన్ చెయ్యి, ఇవాళే" అంది. తెలిసింది ఎంత గట్టిగా చెప్పాలో, తెలియంది ఎంత వదులుగా చెప్పాలో ఎరిగిన మాట తీరు చదువుకున్నవాళ్లలోనూ అరుదు.

ఈ తీరు ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తే నాకు ఆ జట్టు పాత కోచ్ జాన్ గలార్డి గుర్తొస్తాడు. కొలరాడోలో గనుల ప్రాంతంలో పుట్టాడు. 1943లో హైస్కూలు కోచ్ యుద్ధానికి వెళ్లిపోతే, పదహారేళ్ల వయసులో తన జట్టుకి తానే కోచ్ అయ్యాడు. 1953లో సెయింట్ జాన్స్‌కి వచ్చి 2012 దాకా ఉన్నాడు. మొత్తం 489 విజయాలు, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంకెవరూ అన్ని గెలవలేదు. నాలుగు జాతీయ టైటిళ్లు: 1963, 1965, 1976, 2003. ఆఖరిదాని ఫైనల్లో, వరసగా 55 మ్యాచ్‌లు గెలుచుకుంటూ వచ్చిన మౌంట్ యూనియన్ జట్టుని 24–6తో ఓడించారు. అయితే అభిమానులు ఎక్కువగా చెప్పుకునేది ఆయన వద్దన్నవాటి గురించి. ప్రాక్టీసులో ఒకరినొకరు పడగొట్టకూడదు. విజిల్ ఊదకూడదు. ప్రాక్టీసు గంటన్నర దాటకూడదు. జట్టులోంచి ఎవర్నీ తీసేయకూడదు. తనని కోచ్ అని పిలవకూడదు, జాన్ అనాలి.

దేశమంతా కుర్రాళ్లని రోజూ గుద్దించి గట్టిపరుస్తున్న కాలంలో, దెబ్బలు మ్యాచ్‌కి దాచుకోండి అన్న మనిషి ఆయన. ఆ రోజుల్లో ఆయన దగ్గర ఆడినవాళ్లలో చాలామంది ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉన్నారు. ఒంటి గురించి మాట్లాడేటప్పుడు వీళ్లలో డాబు కనిపించదు. నొప్పి ఓర్చుకోవడం మగతనమని ఎవరూ అనరు. నొప్పి ఉందని చెప్పడం, చూపించుకోవడం, ఫలానా తేదీకి తిరిగి రావడం, ఇదే వీళ్ల వరస. పద్దెనిమిదేళ్ల కొత్త కుర్రాడి నుంచి ఎనభై ఏళ్ల మాజీ ఆటగాడి దాకా అందరూ గురువుని పేరు పెట్టి పిలిచిన చోట, మాటల్లోనూ పెద్దా చిన్నా తేడా అంతగా ఉండదు. ఆయన 2018 అక్టోబరులో, 91 ఏళ్ల వయసులో పోయాడు. 2013లో జట్టు పగ్గాలు అందుకున్న గ్యారీ ఫాషింగ్ కూడా ఆయన దగ్గర ఆడినవాడే.

ఆఫ్‌సీజన్ వార్తల్లో వీళ్లకి తగిలిన అతి పెద్ద దెబ్బ 2019 మే 22న వచ్చింది. సెయింట్ పాల్ నగరంలోని సెయింట్ థామస్ కాలేజీ వీళ్లకి పాత పోటీదారు. ఈ రెండూ మొదటిసారి ఆడింది 1901లో. 2017లో వీళ్ల మ్యాచ్‌ని మినియాపొలిస్ బేస్‌బాల్ మైదానం టార్గెట్ ఫీల్డ్‌లో పెడితే 37,355 మంది వచ్చారు, డివిజన్ 3లో అప్పటికి అది రికార్డు. అయితే సెయింట్ థామస్ ఈ రెండూ ఆడే లీగులోని మిగతా కాలేజీల కంటే బాగా పెద్దదైపోయింది. అదే 2017లో ఆ లీగులోనే ఉన్న సెయింట్ ఓలఫ్ కాలేజీ మీద 97–0తో గెలిచింది. చివరికి, 1920లో ఆ లీగు పెట్టినప్పటి నుంచీ ఉన్న సెయింట్ థామస్‌ని బయటికి పంపాలని తక్కిన కాలేజీలు నిర్ణయించాయి.

ఆ రోజు స్నేహితుల్లో ఒకాయన గుండెకి స్టెంట్ వేయించుకుని ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. చెప్పాలా, వద్దా? చెప్పకపోతే పక్క మంచం మనిషి చెబుతాడు. చెప్పే పని నర్సమ్మ తీసుకుంది. ఫోనులో ఆవిడ అన్న మాట తర్వాత అందరూ తలుచుకున్నారు: "ఈ అక్టోబరు మ్యాచ్ ఉంది. ఆ తర్వాత వాళ్లు మన లీగులో ఎక్కువ కాలం ఉండరు." మిగిలినదాన్ని ముందు పెట్టి, పోయేదాన్ని వెనక పెట్టింది. అబద్ధం లేదు, దాపరికం లేదు. కేవలం రెండు వాక్యాల వరసే ఆవిడ చేసిన వైద్యం. ఆయన మొదట అడిగింది మ్యాచ్ ఎక్కడని.

ఆ మ్యాచ్ అక్టోబరు 19న సెయింట్ పాల్‌లోని అలియన్జ్ ఫీల్డ్‌లో జరిగింది. 19,508 మంది చూస్తుండగా సెయింట్ జాన్స్ 38–20తో గెలిచింది. మరుసటి ఏడు కోవిడ్ వల్ల శరదృతువు సీజనే లేదు. 2021లో సెయింట్ థామస్ నేరుగా డివిజన్ 1కి వెళ్లిపోయింది. అలా ఆ లీగులో ఆ రెండు జట్ల ఆఖరి ఆట అదే అయింది.

కష్టమైన వార్తని వీళ్లు ఎలా మోస్తారో చెప్పాలి. ఒకాయనకి కేన్సర్ అని తేలింది. బల్ల దగ్గర ఆయన ఆ పేరు ఎత్తలేదు. అప్పుడే వచ్చిన షెడ్యూల్ కాగితం మీద వేలు పెట్టి, "ఈసారి బయటి ఊళ్ల మ్యాచ్‌లకి రాను. ఇక్కడివి మాత్రం చూస్తా" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎప్పుడూ ఆయన్ని కారులో తీసుకెళ్లే స్నేహితుడు, "బయటివి నేను నీకు ఫోనులో చెబుతూ ఉంటా. రేడియోవాడి కంటే నేను నయం" అన్నాడు. మందు ఎక్కించుకునే రోజులు ఏవని ఆ తర్వాత ఇంకొకరు అడిగారు. షెడ్యూల్ కాగితం అంచున రాసుకున్నారు, ఎవరు ఏ రోజు కారు నడపాలో కూడా.

మగవాళ్లు మనసులో మాట చెప్పుకోలేక ఆట చాటున దాక్కుంటారని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఇక్కడ ఆట చాటుగా పనిచేయలేదు, కొలబద్దగా పనిచేసింది. ఎంత చెప్పదలుచుకున్నాడో అంతే చెప్పడానికి ఆయనకి అది వీలిచ్చింది. విన్నవాళ్లకి ఎంత అడగవచ్చో అదే చూపించింది. ఆ రోజు ఆయన్ని ఓదార్చినవాళ్లు ఎవరూ లేరు. ఆయన ఒంటరిగా ఇంటికి వెళ్లిన చికిత్స రోజూ లేదు.

చిన్న జబ్బులకి ఇంత బరువు ఉండదు, వాటి పద్ధతి వేరు. కంటి శుక్లాల ఆపరేషన్ అయినవాడు, ఒక కన్నుతో ఆటగాళ్ల చొక్కాల ఎరుపు మళ్లీ ఎర్రగా కనిపిస్తోందని, రెండో కన్నుతో ఇంకా గోధుమరంగుగానే ఉందని చెబుతాడు. శుక్లం రంగుల్ని ఎలా మసకబారుస్తుందో ఇంత తేలిగ్గా చెప్పిన కరపత్రం నేను చదవలేదు. తుంటి ఎముక గురించి మాటొస్తే, అమెరికాలో ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతితో మొదటి తుంటి మార్పిడి 1969లో తమ రాష్ట్రంలోని మేయో క్లినిక్‌లోనే జరిగిందని ఎవరో ఒకరు కొంచెం గర్వంగా గుర్తు చేస్తారు.

ఆగస్టు రాగానే మాటల దిశ మారుతుంది. అప్పటిదాకా తమ ఒళ్ల గురించి చెప్పుకున్నవాళ్లు కుర్రాళ్ల ఒళ్ల గురించి కంగారు పడతారు. ఒక ఏడు ప్రాక్టీసు మొదటి వారంలోనే రెండో సంవత్సరం కుర్రాడికి మోకాలి లోపలి లిగమెంట్ తెగింది. ఆ వార్త "కళ్లారా చూసిన" మెట్టు మీద వచ్చింది. 1970ల్లో అదే దెబ్బ తిన్న ఒకాయన ప్యాంటు పైకి లాగి మోకాలి పక్కన పొడుగాటి మచ్చ చూపించాడు. అప్పట్లో మోకాలిని పొడుగ్గా కోసి, వారాల తరబడి పిండికట్టులో ఉంచేవారు. ఇప్పుడు చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, కుర్రాడి సొంత స్నాయువులోంచే ముక్క తీసి కొత్త లిగమెంట్ అమరుస్తారు. మళ్లీ మైదానంలో దిగడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది.

కుర్రాడికి కార్డు పంపాలనుకున్నారు. ఏం రాయాలన్న దానిమీద చాలాసేపు చర్చ జరిగింది. "తొమ్మిది నెలలు ఓపిక పట్టు, వచ్చే సెప్టెంబరుకి నీ చోటు నీదే" అని రాద్దామన్నారు ఒకరు. నర్సమ్మ ఒప్పుకోలేదు. తేదీ సర్జన్ చెప్పాలి, మనం చెబితే వాడు మనకోసం తొందరపడతాడంది. మచ్చ చూపించినాయన తలూపి పెన్ను తీసుకున్నాడు. తన ఆపరేషన్ ఏడాది, తర్వాత తాను ఎన్ని సీజన్లు ఆడాడో ఒక వరస రాసి, కింద ఖాళీ వదిలి, మిగతావాళ్ల సంతకాల కోసం కార్డు పక్కకి జరిపాడు.