అడుగుజాడల చదువు

మంచు చిరుతకూ హైదరాబాద్‌కూ ఏమిటి చుట్టరికం అని ఎవరైనా అడిగితే నేను డార్జిలింగ్ పేరు చెబుతాను. అక్కడి హిమాలయన్ జంతుప్రదర్శనశాల 1958లో మొదలైంది. 1975లో దానికి పద్మజా నాయుడు పేరు పెట్టారు. సరోజినీ నాయుడు, గోవిందరాజులు నాయుడు దంపతుల కూతురు ఆమె. మన హైదరాబాద్‌లో పుట్టి, 1956 నుంచి 1967 దాకా పశ్చిమ బెంగాల్‌కు గవర్నరుగా ఉన్నారు. మన దేశంలో మంచు చిరుతలను జూలో ఉంచి సంతతి పెంచే పని 1980లలో మొదలైంది అక్కడే. ఆ జూ ఇప్పుడు తన జంతువుల డీఎన్‌ఏను, కణజాలాన్ని ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల చలిలో భద్రపరుస్తోంది. ఆ పనిలో దానికి తోడు నిలిచింది మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ, అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం. అత్తాపూర్‌లో ఆ సంస్థకు లాకోన్స్ అనే వన్యప్రాణి ప్రయోగశాల ఉంది. సీసీఎంబీ శాస్త్రవేత్త లాల్జీ సింగ్ పట్టుబట్టి సాధించిన ప్రయోగశాల అది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే మా ప్రగతి నగర్ నుంచి ఎంతో దూరం కాదు. ఆ దారిన రోజూ ఆఫీసులకు వెళ్లే వేలమందిలో దాని సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

అయితే ప్రయోగశాలకన్నా ఎంతో ముందు పుట్టిన చదువు ఒకటుంది. కనిపించని జంతువును అది వదిలిన గుర్తుల్లో చూడటం. తెలుగునాట ఆ చదువుకు పెద్దలు నల్లమల చెంచులు. కొండచరియల మీద తాళ్లు పట్టుకుని వేలాడుతూ తేనె తీసే మనుషులు. పెంటలనే తమ గూడేల చుట్టూ ఉన్న ప్రతి వాగూ, ప్రతి దారీ వాళ్లకు ఇంటి వాకిలే. అమ్రాబాద్‌లోనూ, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోనూ పులి జాడ వెతకడానికి అటవీశాఖ ఈ రోజుకీ వాళ్లనే వెంట తీసుకువెళ్తుంది.

ఆ చదువు ఎంత సూక్ష్మమో ఒక్క పాదముద్ర దగ్గర ఆగి చూస్తే తెలుస్తుంది. మెత్తటి దుమ్ములో పడిన ముద్ర ఆకారం దాదాపు చదరంగా ఉంటే మగపులి, కాస్త నిడుపుగా ఉంటే ఆడపులి అని మొదటి అంచనా. గోళ్ల గుర్తు కనిపించదు, నడిచేటప్పుడు పులి వాటిని లోపలికి ముడుచుకుంటుంది గనుక. గోళ్లు కనబడితే అది కుక్కదో రేసుకుక్కదో కావచ్చు. ముద్ర అంచు ఇంకా వాడిగా ఉందా, గాలికి ఒరిగి రాలిందా? చెట్ల మీంచి రాలిన మంచు చుక్కలు ముద్రలో చిన్న గుంటలు చేశాయా? చేస్తే జంతువు రాత్రే దాటిపోయింది. చేయకపోతే తెల్లవారాక వెళ్లింది, అంటే దగ్గర్లోనే ఉండొచ్చు. అప్పుడు చెవులు పనిచేయాలి. కొండముచ్చు చెట్టు పైనుంచి ఎటు చూసి అరుస్తోంది, దుప్పి కూత ఎటువైపు కదులుతోంది అన్నది వినాలి. ఇది ఒక్క ఏడాదిలో అబ్బే విద్య కాదు.

1960లలో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌదరి ఈ విద్యనే లెక్కల్లోకి తెచ్చారు. ముద్ర మీద గాజు పలక పెట్టి గీత గీసి, పులికో ముద్ర చొప్పున లెక్కించే పద్ధతి అది. 1972 గణనలో దేశమంతా కలిపి 1,827 పులులని తేలింది. తర్వాత ఆ పద్ధతి తడబడింది. ఒకే పులి ముద్ర ఇసుకలో ఒకలా, బురదలో ఒకలా పడుతుంది. రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో పులులే లేవని 2005లో బయటపడ్డాక కెమెరాలకు, డీఎన్‌ఏకు దారి తెరుచుకుంది. ఓడింది గాజు పలక. చెంచు కన్ను ఓడలేదని నా నమ్మకం. ఎందుకంటే కెమెరా ఎక్కడ కట్టాలో చెప్పేది ఆ కన్నే.

మంచు చిరుత విషయంలో ఈ మాట ఇంకా నిజం. మూడు వేల మీటర్ల పైన, రాతి రంగులో కలిసిపోయే ఒళ్లు, దాదాపు మీటరు పొడవున తోక. పక్కన నిలబడ్డా కంటికి ఆనదు. అయితే దానికో అలవాటుంది. కొండ అంచున, బండ కింద నీడపట్టున వెనక కాళ్లతో నేల గీరి, బండకు మూత్రం చిమ్మి పోతుంది. ఆ వైపు వచ్చిన మరో చిరుత అక్కడే తన గుర్తు పెడుతుంది. ఏ బండో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితిలో గొర్రెలు కాచేవాళ్లకు తెలుసు. ఆ బండ ఎదుట మోకాలెత్తున కెమెరా బిగిస్తారు. ఒంటి మీది మచ్చలు మన వేలిముద్రల్లా ఏ రెండు చిరుతలకూ ఒకేలా ఉండవు గనుక, ఆ ఫోటోలతో ఒక్కొక్కదాన్నీ వేరుగా గుర్తిస్తారు.

2019 నుంచి 2023 వరకు దేశంలో జరిగిన తొలి సమగ్ర గణన ఇలాంటిదే. 13,450 కిలోమీటర్ల దారులు నడిచారు, 1,971 చోట్ల కెమెరాలు పెట్టారు, 241 చిరుతలు ఫోటోల్లో విడివిడిగా తేలాయి. వాటి ఆధారంగా మొత్తం 718 అని అంచనా వేశారు. అందులో 477 లద్దాఖ్‌లోనే. ఫోటో ఉన్నంత మాత్రాన పొరపాటు జరగదని కాదు. జూల్లో ఉన్న 16 మంచు చిరుతల ఫోటోలు ఇచ్చి ఎనిమిది మందిని గుర్తించమన్న ఒక పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. వాళ్ల తప్పుల వల్ల లెక్క సగటున మూడోవంతు పెరిగిపోయింది. ఒకే చిరుత కుడి పక్కా, ఎడమ పక్కా రెండు చిరుతలుగా లెక్కకెక్కే ప్రమాదం కూడా ఎప్పుడూ ఉంటుంది. లేని చిరుతలు కాగితం మీద ఉంటే, ఉన్నవి చస్తున్నా ఎవరికీ తెలియదు.

అందుకే చిరుత మలం కావాలి. వినడానికి బాగుండకపోయినా ఈ శాస్త్రంలో అంత విలువైన వస్తువు లేదు. పేగు గోడ నుంచి ఊడిన కణాలు పైపొరకు అంటుకుని ఉంటాయి. ఆ పొరను గీకి, ఎండబెట్టి, సిలికా జెల్‌లోనో ఆల్కహాల్‌లోనో వేసి కిందికి దింపుతారు. ప్రయోగశాలలో డీఎన్‌ఏ తీసి ఏ జాతిదో, ఆడదో మగదో, ఇంతకుముందు దొరికిన జంతువేనో చూస్తారు. కొండ మీద చిరుతదని ఏరిన వాటిలో చాలా భాగం నక్కదని తేలడం ఈ పనిలో మామూలే. చిన్న కణజాలపు ముక్క నుంచి జంతువు ఏ జాతిదో చెప్పే పద్ధతిని రెండు దశాబ్దాల కిందటే నిలబెట్టి, వేటగాళ్ల కేసుల్లో కోర్టులకు సాక్ష్యం అందించింది మన హైదరాబాదే.

లెక్క తేలినా చిరుత బతకాలంటే గొర్రెల కొట్టం సంగతి చూడాలి. గోడ దూకి లోపల పడ్డ చిరుత, గొర్రెలు బెదిరి అటూ ఇటూ పరుగెడుతుంటే ఒక్కటితో ఆగదు. తెల్లవారేసరికి ఆ ఇంటి మంద సగం పోతుంది. చిరుత మీద ఆ ఇంటివాళ్ల కోపం అన్యాయమైనదని నేను అనలేను. పైకప్పుకు ఇనుప వల, గట్టి తలుపు పెట్టిస్తే చిరుత లోపలికి రాలేదు. స్పితిలోని కిబ్బర్‌లో వన్యప్రాణి శాస్త్రవేత్త చారుదత్త మిశ్రా బృందం ఊరివాళ్లతో కలిసి పశువులకు బీమా పెట్టింది, అడవి గొర్రెలు మేయడానికి కొంత నేలను ఊరే వదిలేలా చేసింది. లద్దాఖ్‌లో ఇళ్లలోనే అతిథులను ఉంచుకునే పద్ధతి అలవాటైంది. చిరుతను చూడటానికి వచ్చిన మనిషి ఇచ్చే డబ్బు, చిరుత వల్ల గొర్రెలు పోగొట్టుకున్న ఇంటికే చేరుతుంది. చిరుతను కాపాడే మార్గాల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ గౌరవించేది ఇదే.

ప్రగతి నగర్ నుంచీ, మాదాపూర్ నుంచీ ఏటా బైకుల మీద లద్దాఖ్ వెళ్లే మన పిల్లలకు ఇందులో పని ఉంది. లేహ్‌లో పెద్ద హోటలు బదులు ఉలే, రుంబాక్ లాంటి ఊళ్లలో ఒక ఇంట్లో దిగండి. తినగా మిగిలింది అక్కడ పారేయకండి. ఆ చెత్త తిని లద్దాఖ్‌లో ఊరకుక్కలు విపరీతంగా పెరిగాయి. గుంపులుగా కొండెక్కి, చిరుత కొట్టిన వేట దగ్గర నుంచి దాన్ని తరిమేస్తున్నాయి. ఆకలి తీరని చిరుత మళ్లీ ఊరి కొట్టం వైపే వస్తుంది.